బోసి నుదురు

భవానీపురం, విజయవాడ
14 జూన్ 1998

భానూ,

ముందు దీవెన. ఆ వెంటనే ప్రశ్న.

నువ్వు అడిగిన స్టిక్కర్ బొట్లు వన్‌టౌన్‌లో కొన్నాను. శనివారం ఇబ్రహీంపట్నం నుంచి మీ ఊరు వెళ్తూ దుర్గాప్రసాద్ ఇటు వస్తే అతని చేతికిస్తాను. ఉత్తరం మాత్రం పోస్టులోనే వేస్తున్నాను. థర్మల్ స్టేషన్‌లో అన్ని మీటర్లూ చూసుకునే మనిషే గానీ, మీ ఆయన చొక్కా జేబులో పడిన కాగితం చివరికి చాకలికే దక్కుతుంది.

ఇక ప్రశ్న. కిందటేడు పెళ్ళిపీటల మీద నీ బొట్టు కందిగింజంత. ఉగాదికి వచ్చినప్పుడు బఠాణీ అంత. ఇప్పుడు రూపాయి బిళ్ళంత కావాలంటున్నావు, అదీ ‘జిగురు గట్టిగా ఉన్నవే చూడు’ అని. చిన్న బొట్టే బాగుంటుందని అద్దం ముందు నాతో పోట్లాడిన పిల్లవి నువ్వు. ఇది నీ సరదానా, మీ అత్తగారి ఆజ్ఞా? సరదా అయితే నాకు పని లేదు. ఆజ్ఞ అయితే నాకు తెలియాలి.

స్కూలు నుంచి రిటైరైనా పాఠాలకని పిల్లలు నన్ను వదలడం లేదు. నిన్న టెన్త్ కుర్రాడొకడు గుండెకి ఐదు గదులని రాశాడు. ‘ఐదో గదిలో ఎవరిని పెడతావురా?’ అన్నాను. పక్కవాడు ‘అనూరాధనండీ’ అన్నాడు. ఇద్దరినీ వరండాలో నిలబెట్టి జీవశాస్త్రం పుస్తకం చేతికిచ్చాను.

జవాబు తిప్పి తిప్పి రాయకు.

నీ అమ్మమ్మ,
సంపూర్ణమ్మ


చల్లపల్లి
22 జూన్ 1998

అమ్మమ్మా,

నమస్కారాలు. స్టిక్కర్లు అందాయి. ఇప్పుడు పెద్ద బొట్లే ఫ్యాషన్ అని రాద్దామనుకున్నాను. రెండు కాగితాలు చించేశాక నిజమే రాస్తున్నాను. అమ్మకి మాత్రం చెప్పకు, మంగళగిరి నుంచి ఏడుస్తూ వచ్చేస్తుంది.

బొట్టు కింద నా నుదుటి మీద తెల్లమచ్చ వచ్చింది. ఉగాదికి ముందు కాస్త పాలిపోయినట్టు కనబడింది. అది కనబడకుండా పెద్ద బొట్టు పెట్టాను. మచ్చ పెరిగింది. ఇంకా పెద్దది పెట్టాను. ఇప్పుడు కంపాస్ పెట్టి గీసినట్టు గుండ్రంగా, సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. నొప్పి లేదు, దురద ఎప్పుడైనా కొంచెం.

తలంటుకుంటుంటే అత్తయ్యగారు చూసేశారు. చూసి మెల్లిగా తలుపు గడియ పెట్టి, ‘అమ్మాయ్, నిజం చెప్పు. మీ ఇంట్లో బొల్లి ఎవరికుంది? పెళ్ళికి ముందు ఎందుకు దాచారు?’ అన్నారు. ఎవరికీ లేదంటే నమ్మలేదు. మాఘమాసంలో సువర్చల పెళ్ళి. నా ఆడపడుచుకి ఈ సంబంధం ఎన్ని తిరుగుళ్ళు తిరిగితే కుదిరిందో నీకు తెలుసు. గుడివాడ వాళ్ళకి తెలిస్తే ‘ఆ ఇంట్లో బొల్లి ఉంద’ని వెనక్కి పోతారని ఆవిడ భయం. పనిమనిషి దానమ్మ పొద్దున్నే వస్తుంది కాబట్టి నిద్రలో కూడా స్టిక్కరు తీయొద్దన్నారు.

పైచర్మం నెలా నెలన్నరకి మొత్తం కొత్తది వస్తుందని మాకు పాఠం చెప్పింది నువ్వే. మరి నాకు కొత్తగా వచ్చేది కూడా తెల్లగానే ఎందుకు వస్తోంది?

ఫోను హాల్లో ఉంది. అక్కడ ఏమీ మాట్లాడలేను. ఉత్తరమే రాయి.

భాను


భవానీపురం
27 జూన్ 1998

భానూ,

ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు నుదుటి మీదిది పీకి పారెయ్. పారేశావా? ఇప్పుడు చదువు.

బొల్లికి కంపాస్ పట్టుకోవడం రాదు. అది తనకి తోచినట్టు, వంకర టింకరగా, ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. నీ మచ్చ స్టిక్కరు ఎంతుందో అంతే ఉంది, స్టిక్కరుతో పాటే పెరిగింది. దీనికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ జిగురులో ఫినాల్ జాతి రసాయనం ఒకటి కలుపుతారు. కొందరి చర్మానికి అది పడదు. రంగు తయారుచేసే కణాలని చంపేస్తుంది. నువ్వేమో మచ్చని దాచడానికి మచ్చ చేసేదాన్నే రాత్రింబవళ్ళు అంటించుకుని కూర్చున్నావు. ఆ ప్యాకెట్లు కొని పంపింది నేను. దానికి నా మీద నాకున్న కోపం సంగతి తరువాత చూసుకుంటాను.

నీ ప్రశ్న మంచి ప్రశ్న. పైచర్మం కొత్తగా రావడం నిజమే. అది గోడ. రంగు కణం వేరు, అది గోడకి రంగు వేసే మనిషి. గోడ ఎన్నిసార్లు కట్టినా, మనిషే చచ్చిపోతే రంగెవరు వేస్తారు? కానీ ఆ మనిషి బంధువులు కొందరు లోపల దాక్కుని ఉంటారు. నుదుటి మీద సన్నటి నూగు ఉంటుంది కదా, ప్రతి వెంట్రుక మొదట్లో ఒక గుంట. ఆ గుంటల్లో రంగు కణాల విత్తనం నిలవ ఉంటుంది. కాబట్టి పగటి వెలుతురులో అద్దం పెట్టుకుని చూడు. మచ్చలో నూగు నల్లగా ఉందా, తెల్లబడిందా? నల్లగా ఉంటే లోపల విత్తనం ఉన్నట్టే. తెల్లగా ఉంటే కష్టం. చూసి, ఉన్నదున్నట్టు రాయి.

ట్రేసింగ్ పేపరు పెడుతున్నాను. మచ్చ మీద ఆనించి పెన్సిలుతో అంచు గీసి పంపు. కంటి లెక్కని నేను నమ్మను.

ఇకనుంచి నుదుటి మీద ఏమీ పెట్టకు. బజారు కుంకుమలో ఏం రంగులు కలుపుతారో తెలియదు కాబట్టి అదీ వద్దు.

అమ్మమ్మ


చల్లపల్లి
19 జూలై 1998

అమ్మమ్మా,

నూగు నల్లగానే ఉంది. పైన అంచు దగ్గర మాత్రం నాలుగైదు తెల్లగా ఉన్నాయి. ఇదొక్కటే మంచి వార్త.

నువ్వు ఏమీ పెట్టొద్దన్నావని బొట్టు మానేశాను. పెట్టొద్దన్నది బొట్టు గురించే అనుకున్నాను, మందు గురించి అనుకోలేదు. అత్తయ్యగారు మొవ్వలో రత్తయ్య అనే నాటువైద్యుడి దగ్గర బావంచి గింజల నూనె తెచ్చారు. బొల్లికి తిరుగులేని మందట. అది రాసి నన్ను డాబా మీద ఎండలో కూర్చోబెట్టారు. ‘మండుతోందండీ’ అంటే ‘మండితేనే మందు’ అన్నారు. సాయంత్రానికి నుదురంతా నీటిపొక్కు. ఇప్పుడు పగిలింది. కొబ్బరినూనె రాస్తున్నాను.

ఈయన శనివారం వచ్చి చూశారు. తరువాత ‘అమ్మ చెప్పినట్టు చెల్లి పెళ్ళిదాకా ఏదో ఒకటి పెట్టుకుని కప్పేసుకో భానూ. ఇబ్రహీంపట్నంలో క్వార్టరు వచ్చాక నీ ఇష్టం’ అన్నారు. మంచిగానే అన్నారు. అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఒక మాట అడుగుతాను, తిట్టకు. తాతయ్య పోయిన పదో రోజున నీ బొట్టు తీయడానికి వచ్చినవాళ్ళని గడప దగ్గరే ఆపి, ‘నా మొహం జోలికి రాకండి’ అన్నావని మన వీధంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నువ్వు, మొగుడున్న దాన్ని నన్ను బోసి నుదుటితో తిరగమంటావు. అత్తయ్యగారు పొద్దున్న లేవగానే నా మొహం చూసి కళ్ళు మూసుకుంటున్నారు. ‘వాడు కరెంటు దగ్గర పని చేసేవాడే, ఎందుకే నీకీ పంతం’ అంటున్నారు. ఆవిడకి నేనేం చెప్పాలి?

భాను


భవానీపురం
24 జూలై 1998

భానూ,

‘ఏమీ పెట్టకు’ అన్న రెండు మాటల్లో నీకు అర్థం కానిది ఏముంది? కొబ్బరినూనె కూడా ఆపు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, పలచటి నూలుగుడ్డతో అద్ది, ఆరనివ్వు. గోకావంటే నేనే వచ్చి వేళ్ళకి గుడ్డ కడతాను. బావంచి ఉత్త బూటకం కాదు. దానిలో ఉన్నది చర్మాన్ని ఎండకి రెచ్చగొట్టే పదార్థం. డాక్టర్లు ఎంత మోతాదో, ఎంతసేపో చూసుకుని వాడతారు. మీ రత్తయ్య చెంచాతో పోశాడు.

పుండు మానగానే ఇక్కడికి రా. చర్మం డాక్టరుగారిని చూడాలి. నాకు తెలిసింది పాఠం, ఆయనకి తెలిసింది వైద్యం. దుర్గాప్రసాద్‌తో నేను మాట్లాడతాను.

నువ్వు అడిగింది తిట్టాల్సిన ప్రశ్న కాదు. ఆ రోజు నేను బొట్టు ఉంచుకున్నాను, ఈ రోజు నువ్వు తీస్తున్నావు. రెండూ ఒకటే పని. నా మొహం మీద ఏముండాలో ఊరు చెప్పింది, నేను కుదరదన్నాను. నీ మొహం మీద ఏముండాలో ఊరు చెబుతోంది, నువ్వూ కుదరదను. అప్పుడు బొట్టు ఉంచుకున్నాను కాబట్టి తాతయ్య తిరిగి రాలేదు. ఇప్పుడు నువ్వు తీశావు కాబట్టి దుర్గాప్రసాద్‌కి ఏమీ కాదు. కరెంటుకి బొట్టు కనబడదు.

ఇంకొకటి. మీ పెళ్ళిలో మీ అత్తగారు కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. రెండు పాదాల మీదా రబ్బరు చెప్పుల పట్టీ ఆకారంలో తెల్లటి చారలున్నాయి. రబ్బరులో కూడా అలాంటి రసాయనాలే ఉంటాయి. వాటిని ‘చెప్పుల మచ్చలు’ అంటారు, ఎవరూ బొల్లి అనరు. పాదం మీద వస్తే చెప్పుది తప్పు, కోడలి నుదుటి మీద వస్తే వంశానిది తప్పు. ఇది నీకు అర్థం కావడానికి రాశాను. ఆవిడతో అనకు.

అమ్మమ్మ


చల్లపల్లి
20 సెప్టెంబర్ 1998

అమ్మమ్మా,

అనేశాను.

డాక్టరుగారి దగ్గర నుంచి వచ్చిన కొత్తలో బాగానే ఉంది. ఆయన కూడా ‘ఇది జిగురు మచ్చేనమ్మా, వంశంలోది కాదు’ అన్నారని ఈయన వాళ్ళమ్మకి చెప్పారు. అత్తయ్యగారు ‘డాక్టర్లు అలాగే అంటారు, ఫీజు ఇచ్చేది ఆ అమ్మమ్మేగా’ అన్నారు. నేను నోరెత్తలేదు. రోజూ ఆయింట్‌మెంటు రాసుకుంటున్నాను.

నిన్న నీకు పంపాల్సిన ట్రేసింగ్ కవరులో పెట్టి, పోస్టులో వేయమని దానమ్మకిచ్చాను. తొందరలో ఉత్తరం పెట్టడం మరిచిపోయాను. కవరు సరిగ్గా అంటలేదని దానమ్మ అత్తయ్యగారినే మెతుకులు అడిగింది. అత్తయ్యగారు లోపల చూశారు. గుండ్రటి గీత, పై అంచున నూగు తెల్లబడినచోట నేను పెట్టిన ఇంటూ మార్కులు, కింద తారీఖు. ఒక్క అక్షరం లేదు. చేతబడి యంత్రం అనుకున్నారు! నేను స్నానం చేసి వచ్చేసరికి కాగితాన్ని చీపురుపుల్లతో పట్టుకుని, నడవలో నిమ్మకాయ కోసి పెట్టి ఉన్నారు. ‘మీ అమ్మమ్మ సైన్సు టీచరా, మంత్రగత్తా? సువర్చల పెళ్ళి చెడగొట్టడానికి ఎంతకి తెగించారే!’ అన్నారు. దానమ్మ గడప అవతల నిలబడి ‘ప్రభువా’ అనుకుంటోంది.

నాకు ముందు నవ్వొచ్చింది. అదే తప్పయింది. ఆవిడ ఇంకా రెచ్చిపోయి బొల్లి, వంశం మొదలుపెట్టారు. నేను ‘మరి మీ పాదాల మీదున్నది ఏ వంశంలోదండీ?’ అనేశాను.

అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఈయనతో చెప్పించారు. పెళ్ళి అయ్యేదాకా నన్ను భవానీపురం పంపేస్తారట. గుడివాడ వాళ్ళు అడిగితే పచ్చకామెర్లు వచ్చాయని చెబుతారట. ఈయన నీళ్ళు నములుతున్నారు. నాకూ విసుగొచ్చింది. వచ్చేయనా?

భాను


భవానీపురం
25 సెప్టెంబర్ 1998

భానూ,

అనొద్దన్న మాట అన్నావు. ఉత్తరం లేకుండా ట్రేసింగ్ కవరులో పెట్టావు. నవ్వకూడని చోట నవ్వావు. మూడింటికీ మార్కులు తీసేశాను. అయినా చీపురుపుల్ల దగ్గర నేనూ నవ్వాను. అది మీ అత్తగారికి తెలియనవసరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నా ఇంటి తలుపుకి గడియ ఉంది గానీ నీకు ఎప్పుడూ వేయలేదు. చూడాలనిపించి వస్తే రా, పోట్లాడి వస్తే రా. దాక్కోవడానికి మాత్రం రావద్దు. ఆడపడుచు పెళ్ళికి వదిన లేకపోతే, పచ్చకామెర్లని చెప్పినా ఊళ్ళో వాళ్ళు నమ్మేది బొల్లి అనే. అప్పుడు ఆ మచ్చ నీ నుదుటి మీద నుంచి నీ పేరు మీదికి ఎక్కుతుంది. నుదుటి మీదిదానికి ఆయింట్‌మెంటు ఉంది. పేరు మీదిదానికి ఏ డాక్టరూ రాయడు.

మీ అత్తగారు చెడ్డమనిషని నేను అనడం లేదు. కూతురి పెళ్ళి చెడుతుందేమోనని వణుకుతున్న మనిషి. కానీ ఆవిడ వణుకుతో నిన్ను కప్పెట్టనివ్వను. పాదాల మాటకి ఆవిడకి క్షమాపణ చెప్పు. మచ్చకి మాత్రం చెప్పకు.

ఈ సంగతులే దుర్గాప్రసాద్‌కి కూడా చెప్పాను. మన ఇంట్లో కాఫీ తాగుతూ ‘అమ్మమ్మగారూ, మా అమ్మ ముందు నాకు మాట రాదండీ’ అన్నాడు. ‘మాట రాకపోతే పోనీ, భార్య పక్కన నిలబడటానికి కాళ్ళొచ్చు కదా’ అన్నాను. కప్పు కింద పెట్టేసి వెళ్ళాడు. కోపమొచ్చిందేమో. రానీ.

అమ్మమ్మ


చల్లపల్లి
8 నవంబర్ 1998

అమ్మమ్మా,

నేను ఉండిపోయాను. క్షమాపణ చెప్పాను. అత్తయ్యగారు ‘సరేలే’ అన్నారు. ఈయన మొదటిసారి వాళ్ళమ్మతో ‘భాను ఎక్కడికీ వెళ్ళదు’ అన్నారట. అని, వెంటనే ఆదివారం మధ్యాహ్నం బస్సే ఎక్కేశారు.

కానీ ఇప్పుడు నాకు భయంగా ఉంది. మచ్చలో కొత్త జబ్బేదో మొదలైంది. తెల్లటి దాని మీద గోధుమరంగు చుక్కలు లేచాయి, నువ్వులు చల్లినట్టు. మూడు వారాల కిందట నాలుగున్నాయి, ఇప్పుడు లెక్కకి అందడం లేదు. ముందు తెల్లగా అయినా ఒకే రంగులో ఉండేది. ఇప్పుడు అసహ్యంగా ఉంది. అత్తయ్యగారు చూసి ‘ముదిరింది’ అన్నారు. నాగులచవితికి పుట్ట దగ్గర అందరూ చూస్తారని తట్టుకోలేక ఒక స్టిక్కరు పెట్టేశాను. ఇంటికి రాగానే తీసేశాను. ఒక్క పూటే.

అన్ని నెలలు బోసిగా తిరిగి, అన్ని మాటలు పడి, చివరికి ఇదా అమ్మమ్మా?

భాను


భవానీపురం
11 నవంబర్ 1998

భానూ, తల్లీ,

అవును, ఇదే! దీనికోసమే అన్ని మాటలూ పడ్డావు.

భూతద్దం లేకపోతే మీ మావయ్యగారి కళ్ళజోడు అడుగు. ఒక్కొక్క చుక్కనీ జాగ్రత్తగా చూడు. ప్రతి చుక్క మధ్యలో ఒక సన్నటి నల్ల వెంట్రుక ఉంటుంది. ఉందా? అది జబ్బు కాదు. గుంటలో దాక్కున్న రంగు కణాలు వెంట్రుక వెంబడి పైకి పాకి వచ్చి, గట్టు ఎక్కి, చుట్టూ పరుచుకుంటున్నాయి. చేను గట్టు మీద గరిక తగలబెడితే ఏమవుతుంది? అంతా బూడిదే అనుకుంటాం. వాన పడితే పచ్చదనం గట్టంతా ఒకేసారి రాదు. వేరు బతికున్న చోటల్లా ఒక పిలక లేస్తుంది. అవి పెరిగి ఒకదాన్నొకటి అందుకుంటాయి. నీ చుక్కలూ అంతే, ఒకదాన్నొకటి అందుకునేదాకా వికారంగానే ఉంటాయి. ఉండనీ.

పై అంచున తెల్లబడిన నూగు ఉందన్నావు. అక్కడ చుక్కలు లేవకపోవచ్చు. ముందే చెబుతున్నాను, తరువాత నన్ను అబద్ధాలకోరు అనకూడదు.

నాగులచవితి స్టిక్కరు గురించి ఏమీ అనను. పాము పుట్ట దగ్గర ధైర్యం చాలనివాళ్ళు చాలామందే ఉంటారు. ఇకమీదట అలా చేయకు.

నిన్న టెన్త్ పిల్లలకి చర్మం పాఠం చెప్పాను. పేరు చెప్పకుండా నీ సంగతే చెప్పాను. గుండెకి ఐదు గదులు రాసిన కుర్రాడు ఇంటికెళ్ళి వాళ్ళమ్మ స్టిక్కర్లన్నీ కాలవలో పారేశాడట. ఆవిడ నాతో పోట్లాటకి వచ్చింది. కూర్చోబెట్టి ఆవిడకీ పాఠం చెప్పాను.

అమ్మమ్మ


చల్లపల్లి
21 ఫిబ్రవరి 1999

అమ్మమ్మా,

సువర్చల పెళ్ళి అయిపోయింది. నీకు జ్వరమని రాలేకపోయావు గానీ, వచ్చి ఉంటే నీ రెండు కళ్ళూ చాలేవి కావు.

మచ్చ మూడొంతులు నిండింది. పైన నెలవంకలా తెల్లగా మిగిలింది. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు, దాచనూ లేదు. బోసి నుదుటితోనే పట్టుచీర కట్టుకుని వచ్చాను. మంగళసూత్రాల పళ్ళెం అందరిచేతా తాకించి దీవెనలు తీసుకురావడం వదిన పని. పంతులుగారు నా చేతికిచ్చారు. మగపెళ్ళివాళ్ళ వరసలో మొదట కూర్చున్నది పెళ్ళికొడుకు పెద్దమ్మ. చెయ్యి చాపింది, నా మొహం చూసింది, వెనక్కి లాక్కుంది.

‘ఇదేం చోద్యం! బోసి మొహంతో సూత్రాల పళ్ళెమా? ఈ అమ్మాయికి మొగుడున్నాడా?’ అంది. మేళం అప్పుడే ఆగింది. పందిరంతా వినబడింది.

నేను పళ్ళెం దించలేదు. ‘ఉన్నారండీ. అదిగో, డ్రమ్ముల్లో మంచినీళ్ళు పోయిస్తున్నారు. ఆయన ఆయుష్షు ఆయన ఒంట్లోనే ఉందండీ, నా నుదుటి మీద లేదు. ఇది స్టిక్కరు తినేసిన మచ్చ. మానుతోంది. మీరు దీవించండి’ అన్నాను. ఈయన మగ్గు కింద పడేసి, తడి చేతులతోనే వచ్చి నా పక్కన నిలబడ్డారు. పళ్ళెం ముందుకి కదిలేదాకా అలాగే నిలబడ్డారు.

పెద్దమ్మగారు అత్తయ్యగారి వైపు తిరిగి ‘ఏం వదినా, ఇదేనా మీ ఇంటి పద్ధతి?’ అంది. అత్తయ్యగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. సువర్చల పీటల మీద తల దించుకుని ఉంది. అయిపోయింది అనుకున్నాను.

అత్తయ్యగారు అన్నారు కదా, ‘పళ్ళెం పట్టుకున్న పిల్లకి చేతులు నొప్పెడతాయి వదినా. దీవిస్తే దీవించండి. లేదంటే పక్కవాళ్ళకి అందనివ్వండి.’

పెద్దమ్మగారు పళ్ళెం తాకింది. ముహూర్తం దాటలేదు.

ఇంతతో ఆవిడ మారిపోయారని అనుకోకు. పందిట్లోంచి లోపలికి రాగానే ‘ఎంత నోరే నీకు’ అని తిట్టారు. కానీ మర్నాడు అప్పగింతలకి ముందు సువర్చల పెట్టె సర్దుతూ, చీరల మధ్య పెట్టిన స్టిక్కర్ల ప్యాకెట్లన్నీ తీసి పెరట్లో నీళ్ళ పొయ్యిలో వేశారు. నేను చూస్తున్నానని తెలిసి, వెనక్కి తిరగకుండానే ‘దానిది నీకంటే పల్చటి చర్మం’ అన్నారు. అంతే.

మిగిలిన నెలవంకలో కూడా రంగు వస్తుందా అమ్మమ్మా? నిజం చెప్పు.

భాను


భవానీపురం
26 ఫిబ్రవరి 1999

భానూ,

జ్వరం తగ్గింది. నీ ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని మళ్ళీ చదివాను.

పందిట్లో నువ్వన్న మాట నేను నేర్పింది కాదు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ అంత తక్కువ మాటల్లో ఏనాడూ చెప్పలేదు. ఒక సవరణ మాత్రం ఉంది. స్టిక్కరు తినలేదు, దాని జిగురు తిన్నది. శాస్త్రం చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పాలి, పెళ్ళిపందిట్లో అయినా సరే.

మీ అత్తగారికి విడిగా ఉత్తరం రాస్తున్నాను. ఆవిడకి ముందుగా నమస్కారం పెట్టడం ఇదే మొదటిసారి. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది. మూడోసారి కుదిరింది.

నిజం చెప్పమన్నావు. నెలవంకలో రంగు రాకపోవచ్చు. అక్కడి వెంట్రుకలే తెల్లబడితే గుంటల్లో విత్తనం లేనట్టే. డాక్టరుగారు ఇంకొన్నాళ్ళు చూద్దామంటారు. చూడు, కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకు. రేపు కుంకుమ పెట్టుకుంటావో, బోసిగా ఉంటావో, అది నీ ఇష్టం. నన్ను అడగకు, మీ అత్తగారినీ అడగకు.

వీధిలో ఎవరైనా నీ నుదురు చూసి ఆగితే తల దించకు. వాళ్ళకి సరిగ్గా కనబడేలా వెలుతురు వైపు తిరుగు.

నీ అమ్మమ్మ,
సంపూర్ణమ్మ